యూకే స్పౌజ్ వీసా: 29,000 పౌండ్ల ఆదాయం ఎలా లెక్కేస్తారు, ఎలా చూపించాలి

యూకేలో ఉన్న అబ్బాయికో అమ్మాయికో ఇండియాలో పెళ్లి కుదిరిందంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న "నీ జీతం సరిపోతుందా?" అని. సరిపోతుందో లేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. టెన్షన్ పెట్టేది ఆ తర్వాతి పని. ఆ జీతం ఏ కేటగిరీ కిందికి వస్తుంది, దానికి ఏ కాగితం కావాలి, ఆ కాగితం ఏ తేదీది అయి ఉండాలి అనేవి చూసుకోవాలి. మంచి జీతం ఉన్నవాళ్లకి కూడా వీసా తిరస్కరణ వచ్చేది ఇక్కడే. అందుకే పెళ్లి ముహూర్తంతో పాటు దరఖాస్తు తేదీని కూడా ముందే అనుకోవాలి, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

మొదటి మెట్టు: ఈ నియమం అసలు మీకు వర్తిస్తుందా?

బ్రిటిష్ పౌరసత్వం ఉన్నవాళ్లకీ, ఐఎల్ఆర్ అంటే శాశ్వత నివాస అనుమతి ఉన్నవాళ్లకీ, భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఏడాదికి కనీసం 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలన్న ఈ నియమం వర్తిస్తుంది. శరణార్థి హోదా లాంటి మరికొన్ని హోదాల వాళ్లు కూడా ఈ దారిలోనే వస్తారు.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద పనిచేస్తున్నవాళ్లు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తెచ్చుకుంటారు. అది వేరే దారి. అక్కడ 29,000 లెక్కే లేదు. భాగస్వామి కోసం 285 పౌండ్లు 28 రోజుల పాటు ఖాతాలో ఉన్నట్టు చూపిస్తే చాలు, లేదా కంపెనీయే ఖర్చు భరిస్తామని సర్టిఫై చేస్తే అదీ అక్కర్లేదు. ఈ రెండు దారులనీ కలిపేసుకుని అనవసరంగా కంగారుపడేవాళ్లు చాలామంది. ఒక్క హెచ్చరిక: కేర్ వర్కర్ వీసాకి 2024 మార్చి 11 తర్వాత దరఖాస్తు చేసుకున్నవాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోలేరు. మాస్టర్స్ చదవడానికి వెళ్లినవాళ్లకి కూడా 2024 జనవరి నుంచి మొదలైన కోర్సుల్లో, పరిశోధన కోర్సులకి తప్ప, ఆ తలుపు మూసేశారు.

రెండో మెట్టు: అంకె ఎంత, ఎక్కడి నుంచి వచ్చింది

2012 జూలై 9న ఈ కనీస ఆదాయ నియమం మొదలైనప్పుడు అంకె 18,600 పౌండ్లు. పిల్లలుంటే మొదటి బిడ్డకి 3,800, తర్వాత ఒక్కొక్కరికి 2,400 అదనం. 2024 ఏప్రిల్ 11న దాన్ని ఒక్కసారిగా 29,000కి పెంచి, పిల్లల అదనం తీసేశారు. అప్పటి ప్రభుత్వం దాన్ని 38,700 దాకా తీసుకెళ్తామని కూడా చెప్పింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని ఆపి, వలస సలహా కమిటీని సమీక్షించమంది. కమిటీ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ఇది రాసే నాటికి నాకు తెలిసినంతవరకు అంకె 29,000 దగ్గరే ఉంది. ఫీజు కట్టే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

2024 ఏప్రిల్ 11కి ముందే మొదటి దరఖాస్తు చేసి, అదే భాగస్వామితో కొనసాగుతున్నవాళ్లు ఎక్స్‌టెన్షన్‌కి పాత 18,600 చూపిస్తే చాలు.

ఈ 29,000 పన్ను కోయకముందు జీతం. అంటే నెలకి దాదాపు 2,417 పౌండ్ల గ్రాస్. చేతికి వచ్చేది చూసి బెంగపడకండి.

స్పాన్సర్‌కి, అంటే యూకేలో ఉన్న భాగస్వామికి, పిప్ (అనారోగ్యం, వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే భత్యం), కేరర్స్ అలవెన్స్, డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్ లాంటివి వస్తుంటే 29,000 చూపించక్కర్లేదు. అదనంగా ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా ఇల్లు గడుస్తుందని చూపిస్తే చాలు.

మూడో మెట్టు: ఎవరి ఆదాయం లెక్కలోకి వస్తుంది

పెళ్లి మాటల్లో ఎక్కువగా వినిపించేది ఇదే:

"మా అమ్మాయికి హైదరాబాద్‌లో నెలకి లక్షన్నర జీతం బాబూ. రెండూ కలిపి చూపిస్తే సరిపోదా?"

"సరిపోదు మామయ్యగారూ. తన జీతం లెక్కలోకి తీసుకోరు. తన అకౌంట్లో ఉన్న డబ్బు మాత్రం తీసుకుంటారు."

వినడానికి విచిత్రంగా ఉన్నా నియమం ఇంతే. ఇండియా నుంచి దరఖాస్తు చేసేటప్పుడు అక్కడి నుంచి వచ్చే వ్యక్తి ఉద్యోగ జీతం సున్నా కింద లెక్క. యూకేలో ఉద్యోగ ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా అంతే. కానీ ఆమె పొదుపు, ఆమె పేరు మీదున్న ఫ్లాట్ అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, షేర్ల డివిడెండ్ లెక్కలోకి వస్తాయి. ఇద్దరిలో ఎవరి పేరు మీదున్నా సరే.

రానివి: అమ్మానాన్నలు, అన్నదమ్ములు నెలనెలా పంపుతామని రాసిచ్చే లెటర్లు, అప్పులు, క్రెడిట్ కార్డు పరిమితి, యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ లాంటి ప్రభుత్వ సాయాలు. "మా మామయ్యకి లండన్‌లో నాలుగిళ్లున్నాయి" అన్న మాటకి మామూలు కేసుల్లో విలువ లేదు. అసాధారణ పరిస్థితులుంటే బయటివాళ్ల సాయాన్ని పరిశీలించే వీలు 2017లో పెట్టారు గానీ, దాని మీద ఆశ పెట్టుకుని దరఖాస్తు చేయడం తెలివైన పని కాదు.

నాలుగో మెట్టు: మీ కేటగిరీ తేల్చుకోండి

అక్షరాల పేర్లతో ఏ నుంచి జీ దాకా కేటగిరీలున్నాయి. ఎక్కువమందికి మొదటి రెండే సరిపోతాయి.

*కేటగిరీ ఏ.* ఒకే యజమాని దగ్గర కనీసం ఆరు నెలలుగా పనిచేస్తూ, ఆ ఆరు నెలల్లో జీతం 29,000 స్థాయికి తగ్గకుండా ఉంటే ఇది మీది. స్థిరమైన జీతం అయితే ఆరు నెలల్లో అతి తక్కువ స్థాయినే లెక్కేస్తారు. నాలుగు నెలల కిందట జీతం 27,500 నుంచి 30,000కి పెరిగిందనుకోండి, ఇంకా రెండు నెలలు ఆగాల్సిందే. గంటల లెక్కన జీతం వచ్చేవాళ్లకైతే ఆరు నెలల సగటు చూస్తారు. రెండు ఉద్యోగాలు చేస్తుంటే రెండూ కలుపుకోవచ్చు, కాకపోతే రెండింటికీ పూర్తి కాగితాలు పెట్టాలి.

*కేటగిరీ బీ.* ఉద్యోగం మారి ఆరు నెలలు నిండలేదా? అప్పుడు రెండు పరీక్షలు దాటాలి. ఇప్పటి జీతం ఏడాదికి 29,000 ఉండాలి. దాంతోపాటు గడిచిన 12 నెలల్లో నిజంగా చేతికొచ్చిన గ్రాస్ మొత్తం కూడా 29,000 ఉండాలి. మధ్యలో రెండు నెలలు ఖాళీగా ఉన్నా మిగతా నెలల్లో ఎక్కువ వచ్చి ఉంటే దాటేస్తారు. కాగితాలు మాత్రం పన్నెండు నెలలవి కావాలి, పాత యజమాని దగ్గరివి కూడా.

పెళ్లి కుదిరాక ఎక్కువ జీతం వస్తుందని కంపెనీ మారేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. 31,000 జీతంతో హాయిగా కేటగిరీ ఏలో ఉన్న మనిషి 36,000 కోసం మారితే ఆ రోజు నుంచి మళ్లీ ఆరు నెలలు, లేదంటే కేటగిరీ బీ. మారొద్దని కాదు, వీసా నిర్ణయం వచ్చేదాకా ఓపిక పడితే మేలు.

ఇండియాకో గల్ఫ్‌కో వెళ్లి ఉద్యోగం చేస్తూ, ఇప్పుడు భార్యతో కలిసి యూకేకి తిరిగొద్దామనుకునే బ్రిటిష్ పౌరులకి ఇంకో షరతు ఉంది. విదేశీ ఉద్యోగంలో 29,000కి సమానమైన జీతం చూపించడంతో పాటు, తిరిగొచ్చిన మూడు నెలల్లో మొదలయ్యే యూకే ఉద్యోగం ఆఫర్ కూడా చూపించాలి. అందులో కూడా జీతం 29,000కి తగ్గకూడదు.

*సొంత కంపెనీ ఉన్నవాళ్లు.* ఐటీలో కాంట్రాక్టర్లుగా పనిచేసే మనవాళ్లలో చాలామంది సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని, దాన్నుంచే చిన్న జీతం, మిగతాది డివిడెండ్ తీసుకుంటారు. వాళ్లు పేస్లిప్‌లు చేతిలో ఉన్నాయి కదా అని కేటగిరీ ఏ కింద వెళ్తే పని జరగదు. కంపెనీ వాటాలు మీవీ మీ ఇంటివాళ్లవీ అయి, బయటి వాటాదారులు ఐదుగురి కంటే తక్కువ ఉంటే మిమ్మల్ని మామూలు ఉద్యోగిగా చూడరు. కంపెనీ చివరి పూర్తి ఆర్థిక సంవత్సరం లెక్కే చూస్తారు. కేటగిరీ ఎఫ్ అంటే ఆ ఒక్క సంవత్సరం, జీ అంటే చివరి రెండు సంవత్సరాల సగటు. కంపెనీ ఎంత లాభం చేసిందన్నది కాదు ప్రశ్న, మీరు జీతంగా, డివిడెండ్‌గా ఎంత తీసుకున్నారన్నది. పన్ను మిగులుతుందని డబ్బు కంపెనీ ఖాతాలోనే ఉంచేసి 20,000 మాత్రమే తీసుకుంటే, బ్యాంకులో లక్ష మూలుగుతున్నా మీ ఆదాయం 20,000. పెళ్లి ఆలోచన ఉన్న ఏడాది ఆర్థిక సంవత్సరం ముగిసేలోపే అకౌంటెంట్‌తో కూర్చోండి, ముగిశాక సరిదిద్దుకునే దారి ఉండదు. సొంతంగా పనిచేసుకునే సోల్ ట్రేడర్లకి కూడా ఎఫ్, జీలే. వాళ్లకి ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 5 దాకా నడిచే పన్ను సంవత్సరం లెక్క.

*అద్దె, వడ్డీ, డివిడెండ్* కేటగిరీ సీ. కూకట్‌పల్లిలో మీ పేరు మీదున్న ఫ్లాట్ అద్దె కూడా ఇందులోకి వస్తుంది. గడిచిన 12 నెలల్లో అద్దె బ్యాంకులో పడినట్టు కనిపించాలి, ఫ్లాట్ ఇంకా మీదే అయి ఉండాలి. నాన్నగారి పేరు మీదున్న ఫ్లాట్ అద్దె మీ ఖాతాలో పడుతున్నా అది మీ ఆదాయం కాదు. పెన్షన్ కేటగిరీ ఈ.

ఐదో మెట్టు: జీతం తక్కువైతే పొదుపు లెక్క

ఇది కేటగిరీ డీ. మొదటి 16,000 పౌండ్లని అసలు లెక్కలోకి తీసుకోరు. ఆపైన ఉన్న పొదుపుని రెండున్నరతో భాగిస్తారు. తిప్పి చెప్పాలంటే, మీకు తగ్గిన మొత్తాన్ని రెండున్నరతో హెచ్చించి 16,000 కలపాలి.

లెస్టర్‌లో పనిచేసే ఒక భర్త జీతం నెలకి 2,200 అనుకుందాం. ఏడాదికి 26,400. తగ్గింది 2,600. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే 6,500. పదహారు వేలు కలిపితే 22,500 పౌండ్లు. పౌండు 115 రూపాయలనుకుంటే దాదాపు 26 లక్షలు. ఇది భార్య హైదరాబాద్ ఖాతాలో ఉన్నా, ఇద్దరి ఖాతాల్లో కలిపి ఉన్నా పర్వాలేదు. అసలు ఉద్యోగమే లేకుండా పొదుపు మీదే వెళ్లాలంటే 88,500 పౌండ్లు కావాలి.

ఇందులో ఒక తిరకాసుంది. ఆదాయం ఒక్క పౌండు తగ్గినా 16,000 పైచిలుకు పొదుపు చూపించాల్సిందే. కాబట్టి కొద్దిపాటి తేడా ఉన్నవాళ్లు పొదుపు వెంట పరిగెత్తేకన్నా, ఆరు నెలలు ఓవర్‌టైమ్ చేయడమో శనివారాల్లో ఇంకో చిన్న ఉద్యోగం చూసుకోవడమో తేలిక. ఇంకో మాట: సొంత వ్యాపారం కింద ఎఫ్, జీల్లో వెళ్లేవాళ్లు ఈ పొదుపుని కలుపుకోలేరు.

పొదుపు దరఖాస్తు నాటికి ఆరు నెలలుగా ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా, ఆ రోజు ఖాతాలో మిగిలిందే మీ పొదుపు. పెళ్లి ఖర్చులకి తీసి మళ్లీ వేస్తే కుదరదు. ఎఫ్‌డీ పనికొస్తుంది, పెనాల్టీ కట్టి అయినా వెంటనే తీసుకోగలిగితే చాలు. పీఎఫ్, బంగారం, ఎల్ఐసీ పాలసీ, పొలం ఇవేవీ నగదు కావు కాబట్టి రావు. చిట్టీ పాట డబ్బు బ్యాంకులో పడిన రోజు నుంచే లెక్క.

పొలం అమ్మిన డబ్బు గురించి కాస్త జాగ్రత్తగా వినండి. పొలం దంపతుల్లో ఒకరి పేరు మీదే ఉండి, ఈ ఆరు నెలల్లో అమ్మి ఉంటే డబ్బు ఖాతాలో ఆరు నెలలు ఉండక్కర్లేదు. యాజమాన్యం కాగితాలు, సేల్ డీడ్ చూపిస్తే పాత ఆస్తే నగదుగా మారిందని ఒప్పుకుంటారు. అదే నాన్నగారి పేరు మీదున్న పొలం అమ్మి అమ్మాయికి ఇస్తే అది కానుక. కానుకని ఒప్పుకుంటారు, కానీ ఆ డబ్బు అమ్మాయి ఖాతాలో పడిన రోజు నుంచి ఆరు నెలలు ఆగాలి. ఇది తిరిగివ్వాల్సిన అప్పు కాదని నాన్నగారు రాసిన లెటర్, ఆయన సేల్ డీడ్ నకలు జతచేయండి. పెద్ద మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడక్కముందే చెప్పేస్తే మంచిది.

ఆరో మెట్టు: కాగితాలు, వాటి తేదీలు

కేటగిరీ ఏకి కావలసినవి మూడే: ఆరు నెలల పేస్లిప్‌లు, అవే ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కంపెనీ లెటర్. పీ60 (ఏడాది జీతం, పన్ను వివరాలతో యజమాని ఇచ్చే పత్రం), ఉద్యోగ ఒప్పందం ఉంటే పెట్టండి, మంచిదే.

కూర్చుని ఒక్కో పేస్లిప్ పక్కన బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టి చూడండి. పేస్లిప్‌లో నెట్ పే 1,968.42 అని ఉంటే స్టేట్‌మెంట్‌లో కూడా 1,968.42 పడి ఉండాలి, పైసతో సహా. ప్రయాణ ఖర్చులు కలిపి వేశారా? ఆ నెలలో ఆ రెండు అంకెల తేడా ఎందుకో కంపెనీ లెటర్‌లోనో మీ కవరింగ్ లెటర్‌లోనో ఒక్క వాక్యం రాయండి. జీతంలో కొంత చేతికిచ్చే చోట పనిచేస్తుంటే, బ్యాంకులో పడని భాగాన్ని చూపించడం దాదాపు అసాధ్యం. పెళ్లికి వచ్చి జీతం లేని సెలవు పెడితే ఆ నెల పేస్లిప్ పడిపోతుంది. వీలుంటే ఆ నెల ఆరు నెలల్లో పడకుండా దరఖాస్తు తేదీ జరపండి, లేదా పెయిడ్ లీవ్ వాడుకోండి.

కంపెనీ లెటర్‌లో నాలుగు విషయాలు ఉండి తీరాలి: ఉద్యోగమూ దాని ఏడాది గ్రాస్ జీతమూ, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు, ఈ జీతం ఎప్పటి నుంచి వస్తోంది, ఉద్యోగం పర్మనెంటా, కాంట్రాక్టా, ఏజెన్సీదా. హెచ్ఆర్ పోర్టల్‌లో బటన్ నొక్కితే వచ్చే లెటర్‌లో మూడోది తరచూ ఉండదు. ఆ నాలుగూ మెయిల్‌లో రాసి, ఇలాగే కావాలని అడగండి.

ఇక తేదీలు. మీరు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టిన రోజే దరఖాస్తు తేదీ. చివరి పేస్లిప్, చివరి స్టేట్‌మెంట్ ఆ రోజుకి 28 రోజుల లోపువై ఉండాలి. నెలాఖరున జీతం వచ్చేవాళ్లైతే, జీతం పడ్డాక స్టేట్‌మెంట్ తీసుకుని, కంపెనీ లెటర్ అందగానే ఫీజు కట్టేయడం అన్నిటికన్నా సులువు. ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసిన స్టేట్‌మెంట్ అయితే ప్రతి పేజీ మీదా బ్యాంక్ స్టాంప్ వేయించుకోండి. ఇండియా బ్యాంకు బ్రాంచిలో అడిగితే విసుక్కుంటారేమో గానీ వేస్తారు. రూపాయల్లో ఉన్న పొదుపుని దరఖాస్తు తేదీ నాటి మారకం రేటుతో పౌండ్లలోకి మారుస్తారు, కాబట్టి సరిగ్గా గీత మీద ఉండకుండా కొంత ఎక్కువే ఉంచండి. తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా, పెళ్లి సర్టిఫికెట్‌కి కూడా, సర్టిఫైడ్ ఇంగ్లిష్ అనువాదం తప్పదు.

ఏడో మెట్టు: మిగతా ఖర్చు, మిగతా షరతులు

ఆదాయం ఒక్కటే కాదు గానీ మిగతావి ఇంత చిక్కువి కావు. ఇల్లు ఇరుకు కాకూడదు, షేరింగ్ ఇల్లయినా దంపతులకంటూ ఒక గది ఉంటే సరిపోతుంది. ఇంగ్లిష్ పరీక్ష మొదటి వీసాకి ఏ1 స్థాయి. ఇంగ్లిష్ మీడియం డిగ్రీ ఉంటే, విదేశీ డిగ్రీలని పోల్చి చూసే ఎక్టిస్ సంస్థ ధ్రువీకరణతో మినహాయింపు దొరుకుతుంది. టీబీ పరీక్ష ఆమోదం ఉన్న క్లినిక్‌లోనే చేయించాలి. ఆ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, తొందరపడి ముందే చేయించకండి.

ఫీజు చిన్నది కాదు. 2025 ఏప్రిల్‌లో పెంచాక ఇండియా నుంచి దరఖాస్తుకి 1,938 పౌండ్లు అయింది. దానికి తోడు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035 చొప్పున, 33 నెలల వీసాని మూడేళ్లుగా లెక్కేసి మొత్తం 3,105. పొదుపు చూపిస్తున్నవాళ్లు ఈ డబ్బుని అదే ఖాతా నుంచి కట్టేసి మొత్తం తగ్గించుకోకండి.

తిరస్కరణ వస్తే

లెటర్‌ని నిదానంగా చదవండి. ఏ పేరాలో ఏ కాగితం లేదన్నారో రాసి ఉంటుంది. మానవ హక్కుల కారణం మీద ట్రిబ్యునల్‌కి అప్పీల్ చేసే హక్కు ఉంటుంది. విదేశంలో ఉన్నవాళ్లకి గడువు 28 రోజులు. కాగితాలన్నీ నియమం ప్రకారమే ఉండి అధికారి పొరపాటు పడ్డాడనిపిస్తే అప్పీల్‌కి వెళ్లండి. కాగితమే తప్పిపోయి ఉంటే నా మాట వినండి, దాన్ని తెచ్చుకుని కొత్తగా దరఖాస్తు చేయడమే త్వరగా తేలుతుంది. ఫీజు మళ్లీ కట్టాలి, అది కడుపుమంటే. కానీ ట్రిబ్యునల్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూస్తూ ఇద్దరూ రెండు దేశాల్లో ఉండటం అంతకంటే ఖరీదు.

వీసా వచ్చాక

మొదటి వీసా 33 నెలలు. అది ముగిసేలోపు ఎక్స్‌టెన్షన్‌కి వెళ్లాలి, ఐదేళ్లకి ఐఎల్ఆర్‌కి వెళ్లాలి. రెండుసార్లూ ఆదాయం మళ్లీ చూపించాల్సిందే. తేడా ఏంటంటే, ఈసారి యూకేలో పనిచేస్తున్న భార్య లేదా భర్త జీతం కూడా కలుపుకోవచ్చు. అందుకే ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానుకోవాలనుకున్నా, పిల్లల కోసం పార్ట్‌టైమ్‌కి మారాలనుకున్నా, ఎక్స్‌టెన్షన్ తేదీకి ఆరు నెలల ముందు ఏముంటుందో చూసుకుని నిర్ణయించుకోండి. ఐఎల్ఆర్ దగ్గర పొదుపు సూత్రం కాస్త మెత్తబడుతుంది. తగ్గిన మొత్తాన్ని రెండున్నరతో హెచ్చించరు, ఉన్నదున్నట్టే 16,000కి కలుపుతారు. పొదుపు మీదే వెళ్లేవాళ్లకి 88,500 బదులు 45,000 చాలు.